నాలుగు నెలలు ఖాళీ, బైబిలు మాత్రం లేవీయకాండం దగ్గరే ఆగింది

జాయినింగ్_ఎప్పుడో
బీటెక్ అయిపోయింది. క్యాంపస్‌లో ఆఫర్ వచ్చింది కానీ జాయినింగ్ జరుపుకుంటూ పోతున్నారు. మొదట జూన్ అన్నారు, తర్వాత ఆగస్టు అన్నారు, మొన్న వచ్చిన మెయిల్లో ‘త్వరలో తెలియజేస్తాం’ అని మాత్రం ఉంది. ఎలా చూసినా ఇంకో నాలుగు నెలలు ఇంట్లోనే. తెనాలి దగ్గర మా ఊరు. ఇంట్లో అమ్మ, నాన్న, నానమ్మ, నేను.

చదువుకునే రోజుల్లో ‘ప్రభువా, టైం లేదు’ అని ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. ఇప్పుడు ఇచ్చాడు కదా అని పెద్ద ప్లాన్ రాసుకున్నా. 90 రోజుల్లో బైబిలు మొత్తం, పొద్దున 5కి లేచి గంట ప్రార్థన, వారానికో ఉపవాసం, రోజుకో కంఠత వాక్యం. నోట్‌బుక్ కొన్నా. నాలుగు రంగుల పెన్నులు కూడా కొన్నా.

ఎనిమిదో రోజు లేవీయకాండం (బైబిల్లో మూడో పుస్తకం) 13వ అధ్యాయంలో, కుష్ఠు గురించిన చోట ఆగిపోయా. నిగనిగలాడు మచ్చ, తెల్లబారిన వెండ్రుక, ఏడు దినములు కడగా ఉంచవలెను... అక్కడే. అది జరిగి మూడు వారాలైంది. ఇప్పుడు 9కి లేస్తున్నా, లేవగానే ఫోను. అసలు సిగ్గేసేదేంటంటే, బ్యాక్‌లాగ్ ఉన్న సెమిస్టర్‌లో ఇంతకంటే ఎక్కువ ప్రార్థన చేశాను. నాన్నేమో ‘ఆ ప్లాన్లు ఆపి జావా కోడింగ్ చూసుకో’ అంటున్నారు.

ఖాళీ టైంలో నిజంగా ఆత్మీయంగా ఎదిగినవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? ఏం చేశారు? దయచేసి ‘ప్రార్థన చేయి బ్రదర్’ అని మాత్రం అనకండి.

గుంటూరు_మిర్చి
ప్రార్థన చేయి బ్రదర్.

2019_నుంచి_లేవీయకాండం
నా పేరు చూశావుగా. ఆదికాండం మాత్రం ఏడుసార్లు అయింది. ప్రతి జనవరి 1న మొదలుపెడతాను. నోవహు ఓడ కొలతలు నన్నడుగు, చెప్తా.

లెక్కల_మాస్టారు
నీ భక్తిని తప్పుపట్టను బాబూ, నీ భాగహారాన్ని పడతాను. 1189 అధ్యాయాలు. 90తో భాగిస్తే రోజుకి 13 దాటుతుంది. అధ్యాయానికి 4 నిమిషాలు వేసుకున్నా దాదాపు గంట. పైన గంట ప్రార్థన, కంఠతం, ఉపవాసం. ఒక్క రోజు జ్వరం వస్తే మర్నాటికి 26 అధ్యాయాలు. అప్పుకి వడ్డీ పెరిగినట్టు పెరుగుతుంది. మూడో రోజుకి అప్పులవాడి మొహం చూసినట్టే బైబిలు వంక చూస్తావు.

కొత్త నిబంధన ఒక్కటే తీసుకుంటే 260 అధ్యాయాలు. రోజుకి మూడు చదివితే మూడు నెలలు కూడా పట్టదు. అక్కడ మొదలుపెట్టు.

జాయినింగ్_ఎప్పుడో
మాస్టారూ, అప్పులవాడి మొహం అన్నది కరెక్ట్. బల్ల మీద బైబిలు ఉంటే ఆ గదిలోకి వెళ్లడం మానేశా.

చీమ_నడతలు
నేను కొంచెం కటువుగానే చెప్తాను. ‘సోమరీ, చీమలయొద్దకు వెళ్లుము’ అని సామెతల గ్రంథంలో ఉన్నది మనకోసమే. ‘సమయమును పోనియ్యక సద్వినియోగము చేసికొనుచు’ అని ఎఫెసీ పత్రికలో పౌలు రాశాడు. 5కి లేవాలని రాసుకుని 9కి లేస్తే తప్పు భాగహారానిదా? ఫోను రాత్రి 9కి అమ్మ చేతికిచ్చెయ్. రీఛార్జ్ ఆపెయ్. నేను అలాగే చేశా, రెండేళ్లయింది.

గుంటూరు_మిర్చి
రీఛార్జ్ ఆపి రెండేళ్లయితే ఇక్కడికెలా వచ్చారన్నా?

చీమ_నడతలు
ఇంట్లో వైఫై ఉంది.

కెరీతు_వాగు
నేను చీమగారితో ఏకీభవించను. ఏలీయా ప్రవక్త కెరీతు వాగు దగ్గర ఎన్ని రోజులున్నాడు, అక్కడ ఏం చేశాడు? రొట్టె, మాంసం కాకోలాలు, అంటే బొంతకాకులు తెచ్చాయి, నీళ్లు వాగులోవి తాగాడు. అంతే రాసి ఉంది. ప్రసంగం చేశాడని గానీ, ఇన్ని గంటలు ప్రార్థించాడని గానీ లేదు. శిష్యులు తిరిగొచ్చి చేసినవన్నీ చెప్తే ప్రభువు ‘మీరేకాంతముగా అరణ్యప్రదేశమునకు వచ్చి, కొంచెముసేపు అలసట తీర్చుకొనుడి’ అన్నాడు, మార్కు 6లో. నాలుగేళ్లు ఇంజినీరింగ్, అంతకుముందు రెండేళ్లు ఇంటర్ రెసిడెన్షియల్. ఆ అబ్బాయికి నిద్ర బాకీ ఉంది. ముందు అది తీర్చుకోనివ్వండి.

చీమ_నడతలు
మూడు వారాలుగా 9కి లేస్తున్నాడు. బాకీ తీరి ఉంటుంది.

పాస్టర్‌గారబ్బాయి
ఇది చదువుతుంటే నాకొక భయం. తమ్ముడూ, నువ్వు ఖాళీగా ఉన్నావని సంఘంలో ఎవరికైనా చెప్పావా? చెప్పకపోతే చెప్పకు. మా నాన్న పాస్టరు, ఇరవై ఏళ్లుగా చూస్తున్నా. ‘బాబు ఖాళీగానే ఉన్నాడటగా’ అన్న మాట బయటికి వస్తే ఆదివారం మైకు సెట్టు, పాటలు తెర మీద వెయ్యడం, లైవు, వీబీఎస్ (పిల్లల వేసవి బైబిలు బడి) చార్టులు, క్రిస్మస్ కరపత్రం, యాభయ్యో పెళ్లిరోజు వీడియో, అన్నీ నీ మెడకే. నేను నాలుగేళ్లు అందరి పాటలూ తెర మీద వేశాను కానీ ఒక్కటీ పాడలేదు. తర్వాతి లైను వెయ్యడం మర్చిపోతే వెనక్కి తిరిగి చూసే ఆ చూపులున్నాయే!

స్త్రీల_సమాజం_సెక్రటరీ
అబ్బాయ్, మీ నాన్నగారు ఇది చదువుతారేమో చూసుకో. అయినా నాకిది నచ్చలేదు. సేవ చెయ్యకుండా ఒక్కడే గదిలో కూర్చుని ఎదగడం ఎక్కడైనా ఉందా?

పాస్టర్‌గారబ్బాయి
ఆంటీ, సేవ వద్దనలేదు. వైర్లు చుట్టడం, మనిషిని చూడడం రెండూ ఒకటి కాదంటున్నా. నాన్న చదివారు. ‘ఆ యాభయ్యో పెళ్లిరోజు వీడియో బాగానే వచ్చింది కదరా’ అన్నారు.

బస్సులో_ప్రార్థన
నేను రిటైర్డ్ టీచర్ని. నా సంగతి చెప్తాను, కొంచెం పొడుగు, ఓపిక పట్టండి.

జిల్లా పరిషత్ స్కూల్లో ముప్పై ఒక్క ఏళ్లు చేశాను. రేపల్లె వైపు ఊరు, రోజూ బస్సులో పోనూ యాభై నిమిషాలు, రానూ యాభై నిమిషాలు. ఇంట్లో ఇద్దరు పిల్లలు, అత్తగారు. అప్పుడు నాకు ప్రార్థనకంటూ వేరే టైం లేదు. బస్సే. కిటికీ పక్కన సీటు దొరికితే కళ్లు మూసుకునేదాన్ని, దొరక్కపోతే కమ్మీ పట్టుకుని నిలబడే చేసేదాన్ని. ఊళ్ల పేర్లతో పాటు నా ప్రార్థన సాగేది. ఫలానా వంతెన రాగానే పిల్లల గురించి, ఆ తర్వాత వచ్చే రైస్ మిల్లు దగ్గర నా క్లాసులో బడి మానేసిన పిల్లల పేర్లు, చివరి మలుపులో మా ఆయన తాగుడు గురించి. ఇన్నేళ్లూ ఒకటే కోరిక, ‘రిటైరయ్యాక తీరిగ్గా గంటలు గంటలు మోకరించాలి’ అని.

రిటైరయ్యాను. మొదటి ఏడాది నేను చేసిందల్లా సీరియళ్లు చూడడం. మోకరిస్తే పది నిమిషాలకే గ్యాస్ స్టవ్ ఆపానా లేదా అని లేచేదాన్ని. నా భక్తి అంతా వట్టిదేనేమో, బస్సులో ఏమీ తోచక చేశానేమో అని ఏడ్చాను కూడా. అప్పటికి మా ఆయన పోయి రెండేళ్లు. చివరి మలుపు దగ్గర అడగడానికి కూడా ఏమీ లేదు.

మా అమ్మాయి ఒకరోజు నవ్వుతూ ‘నీకు దేవుడు దూరం కాలేదమ్మా, బస్సు దూరమైంది’ అంది. ఆ మాట పట్టుకున్నాను. వరండాలో ఒక ప్లాస్టిక్ కుర్చీ వీధి వైపు వేసుకుని 7:10కి కూర్చోవడం మొదలుపెట్టాను. మా బస్సు టైం అదే. 8కి లేచిపోతాను, ఇంకా చెయ్యాలనిపించినా సరే. చేతిలో సంచీ కూడా పెట్టుకునేదాన్ని మొదట్లో, నవ్వకండి. ఇప్పుడు వీధిలో పోయేవాళ్లే నా ఊళ్లు. పాలబ్బాయి, వాడి తమ్ముడి కిడ్నీ. ఎదురింటి కోడలు. పదకొండేళ్లుగా ఆ కుర్చీ ఉంది. రెండు కుర్చీలు విరిగాయి, మూడోది నడుస్తోంది.

నువ్వు సెమిస్టర్‌లో ఎక్కువ ప్రార్థన చేశానని సిగ్గుపడుతున్నావు నాన్నా. సిగ్గెందుకు? అప్పుడు నీకు బస్సు ఉంది.

గుంటూరు_మిర్చి
టీచర్ గారూ, జోకులేసే మూడ్ పోగొట్టారు.

లెక్కల_మాస్టారు
8కి లేచిపోతాను, ఇంకా చెయ్యాలనిపించినా సరే అన్నది అందరూ మళ్లీ చదవండి.

పొలం_గట్టు
ఏలీయా గారి వాగు పోస్టు, చీమ గారి పోస్టు రెండూ చదివాను. మేం ప్రకాశం జిల్లా రైతులం. ఎండాకాలం పొలం ఖాళీగా ఉంటుందని పట్నం వాళ్లనుకుంటారు. వేసవి దుక్కి అని ఒకటి ఉంటుంది. ఎండల్లో లోతుగా దున్ని వదిలేస్తే లోపలున్న పురుగుల గుడ్లు, కోశాలు పైకొచ్చి ఎండకు చస్తాయి, కొన్ని పిట్టలు తింటాయి. తొలకరి పడితే నీళ్లు లోపలికి ఇంకుతాయి. ఏమీ విత్తం, ఏమీ కొయ్యం. దున్నడం మాత్రం ఉంటుంది. ‘మీ బీడుభూమిని దున్నుడి’ అని యిర్మీయా అన్నాడు కానీ దున్నిన రోజే పంటేదని అడగలేదు.

ఇంకోటి. నీళ్లున్నచోట వరికి ముందు జీలుగ అనే పచ్చిరొట్ట చల్లుతాం. మోకాలెత్తు దాటి పచ్చగా, చూడ్డానికి ముచ్చటగా వస్తుంది. పూత దశకి రాగానే దమ్ములో కలిపి తొక్కించేస్తాం. అది కోసి అమ్మేది కాదు, భూమి తినేది. తమ్ముడు రంగు పెన్నులు కొన్నాడంటే నాకనిపించింది, జీలుగని కూడా కోసి బస్తాలకెత్తాలని చూస్తున్నాడు. ఎన్ని అధ్యాయాలు, ఎన్ని వాక్యాలు, ఎన్ని ఉపవాసాలు అంటూ.

నువ్వు లేవీయకాండం 13లో ఆగావు. 25 దాకా వెళ్లుంటే నీ ప్రశ్నే అక్కడ ఉంది. ఏడో ఏడు విత్తకూడదు, ‘భూమికి మహా విశ్రాంతి కాలము’ అన్నాడు. ఏడాదంతా ఊరు ఊరే ఖాళీ. మరి ఆ ఖాళీలో ఏం చెయ్యమన్నాడో ద్వితీయోపదేశకాండం 31లో ఉంది. పర్ణశాలల పండుగకి అందరినీ పోగు చేసి, ఆడవాళ్లు, పిల్లలు, పరదేశులతో సహా, ధర్మశాస్త్రం వాళ్లకి వినబడేలా చదవమన్నాడు. ఒక్కొక్కడూ మూల కూర్చుని చదువుకోమనలేదు. అప్పుడు ఇంటింటికీ పుస్తకం ఎక్కడిది?

కెరీతు_వాగు
ఇది నాకు తట్టలేదు. వాగు ఎండిపోయాక ఏలీయా కూడా సారెపతులో ఒక విధవరాలి ఇంటికి వెళ్లాడు. నేను వాగు దగ్గరే ఆపేశాను.

ఒంగోలు_గిత్త
పొలం గట్టన్నా, మన జిల్లా కథ మర్చిపోయారు. 1876 నుంచి 78 దాకా వచ్చిన కరువులో పొలం పనుల్లేక జనం అల్లాడితే, ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్లు కాంట్రాక్టు తీసుకుని కూలి ఇప్పించారు. పని ఆపి జనం కాసేపు సేదదీరేటప్పుడు మన తెలుగు బోధకులు పక్కన కూర్చుని వాక్యం చెప్పేవారు. కూడు కోసం వచ్చారన్న మాట రాకూడదని కరువు పని నడిచినన్నాళ్లు బాప్తిస్మాలు ఆపేశారు. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ నది దగ్గర ఒక్కరోజే 2,222 మంది. ఖాళీ అంటే ఇది.

కొత్త_చిగురు
కరువుని ఖాళీ అనకండి అన్నా. ఆకలితో ఉన్నవాళ్లది ఖాళీ టైం ఎలా అవుతుంది?

ఒంగోలు_గిత్త
నిజమే. మాట తప్పుగా వాడాను. నేను చెప్పాలనుకున్నది ఆ సేదదీరే కాసేపటి గురించి. పార కింద పెట్టిన పదిహేను నిమిషాలు.

గుంటూరు_మిర్చి
ఒక్కరోజులో 2,222 మందా! మా లూథరన్ అయ్యగార్లయితే గిన్నెడు నీళ్లతో మధ్యాహ్నం భోజనానికి ముగించేవారు.

ఒంగోలు_గిత్త
మీది నీళ్ల చిలకరింపు, మాది నీళ్లలో ముంచడం, అసలు...

అడ్మిన్
ఇక్కడితో ఆపండి. బాప్తిస్మం గొడవకి పాత చర్చా దారం ఒకటి ఉంది, 400 పోస్టులు, నేనే తాళం వేశాను.

సికింద్రాబాద్_సిస్టర్
నాన్నగారు జావా అన్నారని రాశావు. దాని గురించి ఎవరూ మాట్లాడలేదు. మా వారికి ఐటీలో ఉద్యోగం పోయి ఏడు నెలలు ఇంట్లో ఉన్నారు. ఆ ఏడు నెలలు మా ఇల్లు ప్రార్థన మందిరమే. తెల్లారుజామున ఇద్దరం, రాత్రి పిల్లలతో, బుధవారం ఉపవాసం. చూసినవాళ్లు ‘ఎంత ఎదిగారు’ అన్నారు. ఉద్యోగం వచ్చింది. సాక్ష్యం చెప్పాం. ఆ తర్వాత వారానికి తెల్లారుజాము ప్రార్థన ఆగిపోయింది, ఇద్దరం ఒకరినొకరు చూసుకుని మాట్లాడలేదు కూడా. ఏడు నెలలు మేం అడిగింది దేవుణ్ణి కాదు, ఆఫర్ లెటర్ని. ఇది తప్పని నేను తీర్పు చెప్పను, అవసరంలో అడగకపోతే ఎప్పుడు అడుగుతాం? కానీ దాన్ని ఎదుగుదల అని లెక్కవేసుకున్నాం చూడు, అక్కడ మోసపోయాం.

కాబట్టి జావా పొద్దున రెండు గంటలు కూర్చుని చదువు. నాన్నగారి టెన్షన్ సగం పోతుంది, ఇంట్లో గొడవ ఉండదు. ‘ఎవడైనను పని చేయనొల్లని యెడల వాడు భోజనము చేయకూడదు’ అన్నది కూడా వాక్యమే.

చీమ_నడతలు
అమ్మయ్య, ఒకరైనా నా వైపున్నారు.

సికింద్రాబాద్_సిస్టర్
వైఫై గురించి మీవైపు లేను.

కొత్త_చిగురు
నేను ప్రభువుని నమ్ముకుని ఏడాదిన్నర. మా ఇంట్లో ఎవరికీ తెలియదు. డిగ్రీ అయి ఖాళీగానే ఉన్నా. మీ అందరికీ గది ఉంది, కుర్చీ ఉంది. నాకు ఖాళీ ఉంది, గది లేదు. ‘నీ గదిలోనికి వెళ్లి తలుపు వేసి’ అన్న వచనం వచ్చినప్పుడల్లా నవ్వొస్తుంది. మాది ఒకటే గది, వంటిల్లు. బట్టలు ఆరేసే వంకతో డాబా ఎక్కుతాను. అక్కడ దొరికేది పావుగంట. 119వ కీర్తనలో ఎనిమిదేసి వచనాలకి ఒక భాగం ఉంటుంది కదా, ఆలెఫ్, బేత్ అని హెబ్రీ అక్షరాల పేర్లతో. 22 భాగాలు. వారానికి ఒక భాగం కంఠతం పెడుతున్నా. చీటీ మీద రాసుకుని జడలో రబ్బరు బ్యాండు కింద దోపుకుంటా. ఇప్పుడు తొమ్మిదో భాగం, తేత్. ఫోన్లో యాప్ పెట్టుకోలేను, మా తమ్ముడు చూస్తాడు.

ఎవరూ జాలిపడొద్దు. ఎవరికి ఎంత గది ఉంటే అంత అని చెప్దామనిపించి రాశా.

బస్సులో_ప్రార్థన
తల్లీ, రేపటి నుంచి నా బస్సులో నీకూ ఒక స్టాపు.

2019_నుంచి_లేవీయకాండం
నాకు మూడు గదులున్నాయి. ఏమీ మాట్లాడను.

కువైట్_నుంచి_అక్క
రాజోలు దగ్గర మాది. కువైట్‌లో ఇంటి పని చేస్తా. ఇక్కడ ఆరాధన శుక్రవారం, ఆరోజే సెలవు కాబట్టి. నాకు నెలకి రెండు శుక్రవారాలే బయటికి పంపుతారు. ఖాళీ అన్న మాటే లేదు, రాత్రి 11 అవుతుంది నడుం వాల్చేసరికి. ఈ పోస్టులు కూడా బాత్రూంలో కూర్చుని చదువుతున్నా. ఇస్త్రీ చేసేటప్పుడు మాత్రం చెవిలో ఒక ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే మేడం ఏమీ అనదు. అప్పుడు బైబిలు వింటా. ఆడియోలో చదివే ఆయన గొంతు గంభీరంగా ఉంటుంది, రేడియోలో వార్తల్లాగ. మన ఇంట్లో మనిషి చదువుతున్నట్టు ఉండదు. మా నాయన సాయంత్రం అరుగు మీద కూర్చుని పైకి చదివేవాడు, తప్పులు చదివేవాడు, అయినా బాగుండేది.

పొలం గట్టు అన్నయ్య వినబడేలా చదవమన్నాడని రాశారు. తమ్ముడూ, మీ ఇంట్లో నానమ్మ ఉన్నారన్నావు. ఆవిడ కళ్లు బాగున్నాయా?

జాయినింగ్_ఎప్పుడో
అక్కా, ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, రెండోది ఇంకా కాలేదు. మూడో తరగతి చదివింది. ఇదివరకు వేలు పెట్టుకుని చదివేది. ఇప్పుడు బైబిలు ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చుంటుంది. రోజూ చూస్తూనే ఉన్నా. మీరు అడిగేదాకా తట్టలేదు.

చీమ_నడతలు
నేనిక ఏమీ అనను. వెళ్లు.

(మూడు వారాల తర్వాత)

జాయినింగ్_ఎప్పుడో
దారం కిందికి పోయింది, మళ్లీ పైకి తెస్తున్నా. ఉన్నది ఉన్నట్టు చెప్తా. 5కి ఇప్పటికీ లేవట్లేదు. 7:30. జావా రెండు గంటలు నడుస్తోంది, నాన్న మాట్లాడుతున్నారు. ఉపవాసం ఒక్కటే చేశా, సాయంత్రం 4కి పునుగుల బండి దగ్గర ముగిసింది.

రాత్రి అన్నాలయ్యాక నానమ్మకి చదువుతున్నా. రోజుకి ఒక్క అధ్యాయం. మార్కు సువార్త తీస్తే ‘నువ్వెక్కడ ఆపావు?’ అని అడిగింది. చెప్పా. ‘మధ్యలో వదిలింది ముందు ముగించు, ఎంగిలి విస్తరి అలా వదలకూడదు’ అంది. సరే అని 13 చదివా. నాకు నిద్రొస్తోంది, ఆవిడ ముందుకి వంగి వింటోంది. ఆ రోగి పాళెము వెలుపల ఒంటరిగా ఉండాలన్న చోట ఆపమంది. వాళ్ల అమ్మగారి ఊళ్లో ఒకామెకి అలాగే మచ్చలొస్తే చెరువు కట్ట అవతల పాక వేసి ఉంచారట. నానమ్మ చిన్నపిల్ల. వాళ్లమ్మ రోజూ సంగటి ముద్ద ఆకులో పెట్టి ఇస్తే కట్ట మీద రాయి పైన పెట్టి పరిగెత్తుకుని వచ్చేసేదట. ‘ఒక్కరోజు కూడా ఆగి పలకరించలేదురా, భయం’ అంది. డెబ్భై ఏళ్ల కిందటి మాట. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తనే మార్కు మొదటి అధ్యాయంలో ప్రభువు చెయ్యి చాపి కుష్ఠురోగిని ముట్టుకున్న సంగతి చెప్పింది, పుస్తకం లేకుండా.

నేను ఎనిమిదో రోజున నాలుగు నిమిషాల్లో దాటేద్దామనుకున్న అధ్యాయం అది.

నిజామాబాద్_నుంచి
మా డిచ్‌పల్లిలో కుష్ఠు ఆసుపత్రి ఉంది, ఇసబెల్ కెర్ అనే డాక్టరమ్మ మొదలుపెట్టింది. మా తాతయ్య అక్కడ తోటలో పని చేసేవాడు. ఆ రోజుల్లో అక్కడ పని చేస్తానంటే సొంతవాళ్లు కూడా ఇంటికి రానిచ్చేవారు కాదట. ఇప్పుడు మందులు వచ్చి పూర్తిగా నయమవుతోంది కానీ ఆ పేరు చెప్తే ముఖం తిప్పేవాళ్లు ఇంకా ఉన్నారు. నానమ్మగారికి చెప్పు, ఆ రాయి మీద ముద్ద పెట్టడం చిన్న పని కాదని.

జాయినింగ్_ఎప్పుడో
చెప్పా. ‘మా అమ్మ పెట్టింది, నేను మోశానంతే’ అంది.

స్త్రీల_సమాజం_సెక్రటరీ
బాబూ, పెద్దక్షరాల బైబిలు సికింద్రాబాద్ బైబిల్ హౌస్‌లో దొరుకుతుంది, రెండో కన్ను కూడా ఆపరేషన్ అయ్యాక తెప్పించు. ముందే తెస్తే నీ పని పోతుంది.

లెక్కల_మాస్టారు
ఇప్పుడెక్కడున్నారు?

జాయినింగ్_ఎప్పుడో
సంఖ్యాకాండం 7 మాస్టారూ.

లెక్కల_మాస్టారు
అంటే ఆదినుంచి 124వ అధ్యాయం. ఇంకా 1065. రోజుకొకటి చొప్పున రెండేళ్ల పదకొండు నెలలు పడుతుంది. జాయినింగ్ వస్తే ఏం చేస్తావు?

జాయినింగ్_ఎప్పుడో
నానమ్మకి మీ లెక్క చెప్పా. ‘అయితే అప్పటిదాకా ఉంటాలే’ అంది. జాయినింగ్ వస్తే ఫోన్లో చదువుతా. ఎలాగూ ఇప్పుడు రికార్డు చేసి కువైట్ అక్కకి పంపుతున్నా కదా.

2019_నుంచి_లేవీయకాండం
నాకూ పంపు తమ్ముడూ. 14 నుంచి.

గుంటూరు_మిర్చి
ఆయన పేరు మార్చాలి అడ్మిన్ గారూ, తొందరపడకండి కానీ సిద్ధంగా ఉండండి.

కువైట్_నుంచి_అక్క
నిన్నటిది విన్నా. మధ్యలో కుక్క అరుపు, మీ నానమ్మ దగ్గు, ‘ఒరే నెమ్మదిగా’ అనడం అన్నీ వినబడ్డాయి. అవి తీసెయ్యకు. 7వ అధ్యాయం 89 వచనాలు కదూ? పన్నెండు గోత్రాల ప్రధానులూ ఒకటే అర్పణ, ఒక్కటీ మారలేదు. ఆ వెండి గిన్నె పన్నెండుసార్లు వచ్చింది. దాటేస్తావేమో అనుకున్నా.

జాయినింగ్_ఎప్పుడో
దాటేద్దామనే చూశా అక్కా. మూడో గోత్రం దగ్గర ‘మిగతావాళ్లూ ఇవే తెచ్చారు నానమ్మా’ అన్నా. ‘వాళ్లు మోసుకుని తెచ్చారు, నీకు చదవడానికి బరువా?’ అంది. అన్నీ చదివించింది.

కువైట్_నుంచి_అక్క
మంచిదైంది. గోత్రానికో చొక్కా చొప్పున పన్నెండు చొక్కాలు అయిపోయాయి.